కనబడే నోటికి అనుమతి లేదు

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, చిట్టచివరికి ఆరోగ్య భద్రతా ఉపసంఘాన్ని కనిపెట్టింది. మొదటి రెండూ ఎవరి చేతుల మీదుగా జరిగాయో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేకపోతున్నారు. మూడోదాని విషయంలో ఆ ఇబ్బంది లేదు. తీర్మానం ఉంది, ఫైలు నంబరు ఉంది, ఆ రోజు సభ్యులు తాగిన టీకి రసీదు కూడా ఉంది.

'శ్వాస, వాక్కు, సమాజం' అనే అంశం మీద ఏటా జరిగే అంతర్జాతీయ సదస్సుకు ఆ ఉపసంఘమే ఆయువుపట్టు. వచ్చిన పండితులు ఏం మాట్లాడాలన్నది ఇంకో సంఘం చూసుకుంటుంది. మాట్లాడే నోళ్లు ఏ స్థితిలో ఉండాలన్నది ఈ ఉపసంఘం చూసుకుంటుంది. (రెంటిలో తమ పనే ముఖ్యమని ఉపసంఘం నమ్మకం. సదస్సు ప్రసంగాలు విన్నవాళ్లెవరూ ఇంతవరకు దీన్ని ఖండించలేదు.) టీకా ధ్రువపత్రం లేనిదే గుమ్మం దాటనివ్వరు. సభామందిరంలో మాస్కు దించనివ్వరు. ఆ మాస్కు ముక్కును, నోటిని 'కనబడకుండా కప్పి ఉంచవలెను' అని నిబంధనావళిలో అచ్చువేశారు. అందులో 'కనబడకుండా' అన్న మాట ఎవరు చేర్చారో, ఎందుకు చేర్చారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. గుర్తులేదు కాబట్టి దాన్ని తీసేసే అధికారం కూడా ఎవరికీ లేదు. ఆ ఒక్క మాట ఒక అక్కకీ, తమ్ముడికీ కాళ్లకు చుట్టుకుంది.

అక్క ఒక చిన్న కాలేజీలో లెక్చరర్. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించినప్పుడల్లా ప్రిన్సిపాల్ ఆమెకు అభినందనలు చెబుతాడు, ఆమె కృతజ్ఞతలు చెబుతుంది, ఇద్దరూ కలిసి దాన్ని ఉద్యోగమని అనుకుంటారు. అది ఖాయం కావాలంటే ఏదైనా అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పించినట్టు ఆ సదస్సు అధ్యక్షుడి సంతకంతో కాగితం కావాలి. వినబడనివాళ్లు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటను ఎలా పట్టుకుంటారన్నది ఆమె పరిశోధన.

ఆ పరిశోధన ఆమెకు గ్రంథాలయాల్లో దొరకలేదు, ఇంట్లోనే దొరికింది. తమ్ముడు బడికి వెళ్లే వయసులో ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గి పోతూ పోతూ వాడి వినికిడిని వెంటబెట్టుకుపోయింది. అప్పటినుంచి బడిలో టీచరు చెప్పిన పాఠమంతా ఇంటికొచ్చి వాడి ఎదురుగా కూర్చుని అక్క మళ్లీ చెప్పేది. వాడు ఆమె పెదవుల మీద నుంచి మాటలు ఏరుకునేవాడు. వాడికి గొంతుతో పనిలేదు కనక కొన్నాళ్లకు ఆమె గొంతు వాడడం మానేసింది. అలా నలుగురి మధ్యా కూర్చుని, నలుగురికీ వినబడకుండా మాట్లాడుకోవడం ఇద్దరికీ అలవాటైపోయింది. (చుట్టాలొచ్చినప్పుడు ఈ విద్య ఎంత అక్కరకొచ్చిందో రాయడం మొదలుపెడితే చుట్టరికాలు మిగలవు.)

తమ్ముడిప్పుడు కార్ల సీటు కవర్లు కుట్టే షాపులో పనిచేస్తున్నాడు. పెద్దయ్యాక వాడికి పెద్ద ఇబ్బందులేమీ లేవు, తల్లికి ఊపిరితిత్తుల జబ్బు చేసేదాకా. చిన్న పడిశం పట్టినా ప్రాణం మీదికొస్తుందని, ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లంతా మాస్కులు పెట్టుకుని తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందరూ పెట్టుకున్నారు. తల్లి క్షేమంగానే ఉంది గానీ తమ్ముడికి చెవుడు రెండోసారి వచ్చినట్టయింది. ఇంట్లో ఎవరు ఏమంటున్నారో తెలియక కొన్నాళ్లు కంచంలోకే చూస్తూ భోంచేసి లేచిపోయేవాడు. ఆ తర్వాత ఓ రోజు షాపులో మిగిలిన పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, మంచి వడపోత గుడ్డ, ముక్కు దగ్గర వంచడానికి సన్న తీగ సంపాదించి, నోటి దగ్గర కిటికీ ఉన్న మాస్కు కుట్టాడు. కిటికీకి ఆవిరి పట్టకుండా లోపల కాస్త సబ్బు రాశాడు. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అంచుల్లో గాలి జారడం లేదని తేల్చి, సరేనన్నాడు. ఇంట్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి. మాటలతోపాటు పోట్లాటలూ మొదలయ్యాయి. తల్లి ప్రాణం కుదుటపడింది.

సదస్సుకు వెళ్తున్నానని అక్క చెప్పగానే తమ్ముడు తనూ వస్తానన్నాడు. "ఇన్నేళ్లూ నామీదే పరిశోధన చేశావు. ఏం కనిపెట్టావో నాకొక్కసారైనా చెప్పావా?" అని అడిగాడు. ఆమె సరేనంది. పైగా ప్రసంగం చివర పెదవులు చదవడం ఎలా ఉంటుందో చూపించడానికి ఎవరో ఒకరు కావాలి, వాడికంటే బాగా చదివేవాడు ఇంకెక్కడ దొరుకుతాడు? తల్లిని పిన్నికి అప్పగించి, కిటికీ మాస్కులు పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. గుమ్మం దగ్గర తల్లి "నోరు జాగ్రత్త" అంది. ఏ అర్థంలో అందో ఇద్దరూ అడగలేదు.

సదస్సు భవనం ముందు మూడు వరుసలు ఉన్నాయి. ఒకటి టీకా ధ్రువపత్రాలకు, ఒకటి ఆహ్వానాలకు, మూడోది మొదటి రెండూ పూర్తిచేసుకున్నవాళ్లు తాము వాటిని పూర్తిచేసుకున్నట్టు చెప్పుకోవడానికి. మొదటి వరుసలో ఒక వలంటీరు ఆమె ధ్రువపత్రం మీదున్న చతురస్రపు చుక్కల బొమ్మను ఫోనుకు చూపించాడు. ఫోను ఎర్రబడింది. ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందుంది. ఆహ్వానంలో ఇంటిపేరు వెనకుంది. ఇది ఇద్దరు వేర్వేరు స్త్రీల వ్యవహారమని యాప్ నిర్ధారించింది. టీకా వేయించుకున్నావిడకు ఆహ్వానం లేదు, ఆహ్వానం ఉన్నావిడకు టీకా లేదు. ఇద్దరూ ఒకే చీర కట్టుకుని రావడం యాదృచ్ఛికం.

వలంటీరు మర్యాదస్తుడు. ఇలాంటి కేసులు పొద్దున్నుంచి చాలా వచ్చాయని, దానికి మార్గం ఉందని చెప్పి ఒక పత్రం ఇచ్చాడు. అందులో 'నన్ను నేను ఎరుగుదును' అని రాసి సంతకం చేయాలి. (మునులు అడవులకు వెళ్లి, ముక్కు మూసుకుని, ఏళ్ల తరబడి తపస్సు చేసినా అందరికీ దక్కని ఆత్మజ్ఞానం, ఇక్కడ ముక్కు మీద మాస్కు ఉంటే చాలు, కౌంటరు దగ్గరే దక్కుతుంది.) ఆమె తనను తాను ఎరుగుదునని రాసిచ్చింది. సాక్షి సంతకం తమ్ముడు పెట్టాడు. తమ్ముడి ధ్రువపత్రంలో ఇంటిపేరే పడలేదు కాబట్టి వాడి గురించి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వాడి మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద 'తోడు' అని మాత్రమే ఉంది.

గుమ్మం దగ్గర ఆరోగ్య భద్రతా సమన్వయకర్త నిలబడి ఉన్నాడు. ఆయన అసలు ఉద్యోగం లైబ్రేరియన్. జీవితమంతా నోరు మూసుకున్నవాళ్లనే గౌరవించినవాడు కాబట్టి ఈ పదవికి ఆయన పేరును అందరూ ఏకగ్రీవంగా సూచించారు. అక్క మొహం చూసి, తమ్ముడి మొహం చూసి, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నోరు కనబడుతోందమ్మా," అన్నాడు.

"కనబడాలనే మా తమ్ముడు ఇలా కుట్టాడు సార్. కప్పే ఉంది కదా."

"కప్పి ఉందని మీరంటున్నారు, నేను కాదనడం లేదు. కనబడుతోందని నేనంటున్నాను, మీరూ కాదనడం లేదు. కనబడకుండా కప్పాలని మా రూలు."

"దీన్లోంచి గాలి పోదు సార్. డాక్టరు గారు కూడా చూశారు."

"గాలి సంగతి రూల్లో లేదమ్మా," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

తన పత్రమే పెదవుల గురించని, పెదవులు మూసుకుని పెదవుల గురించి చెప్పడం కుదరదని, తన తమ్ముడికి మాటలు అందే దారి అదొక్కటేనని ఆమె నెమ్మదిగా వివరించింది. ఆయన చెడ్డవాడు కాడు. పక్కకు తీసుకెళ్లి కుర్చీ వేయించాడు, నిబంధనావళి తెప్పించాడు, చూపుడు వేలితో ఒక్కో వాక్యం కిందా గీతలా లాగుతూ చదివాడు. చదవగా చదవగా ఆయన కళ్లలో వెలుగొచ్చింది. మాస్కు నిబంధన సభామందిరానికే వర్తిస్తుంది. భోజనశాలకు వర్తించదు. కనక ఆమె తన పత్రాన్ని మధ్యాహ్నం భోజనాల వేళ భోజనశాలలో సమర్పించుకోవచ్చు. అక్కడ ఆమె ఏ మాస్కు పెట్టుకున్నా, అసలు పెట్టుకోకపోయినా అడిగే నాథుడు లేడు. అందాకా సభలో కూర్చోవడానికి ఇద్దరికీ చెరొక నీలం మాస్కు ఇచ్చాడు. చెవులకు తగిలించుకునే దారం ఒకటి అప్పుడే ఊడింది. అయినా దానికి ధ్రువీకరణ ముద్ర ఉంది.

సభామందిరంలో వందలమంది పండితులు నీలం మాస్కులతో బారులు తీరి కూర్చున్నారు. తమ్ముడికి అదంతా నీళ్ల తొట్టిలో చేపల్ని చూసినట్టే ఉంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి, ఏ ఒక్కరి దగ్గరా మాటలేదు. పాపం వీణ్ని ఇంతదూరం తీసుకొచ్చి మళ్లీ అదే చీకట్లో కూర్చోబెట్టానే అని అక్కకు ప్రాణం ఉసూరుమంది. ఇంతలో వేదిక మీదికి పెద్దలు వచ్చారు. వచ్చి, కూర్చుని, మాస్కులు తీసి బల్లమీద పెట్టుకున్నారు. వేదికకు మినహాయింపు ఉంది. ఫొటోల్లో పెద్దల్ని గుర్తుపట్టడం కష్టమవుతోందని క్రితంసారి ఫిర్యాదులు వచ్చాయి. వైరస్ మెట్లెక్కదన్న విషయాన్ని ఉపసంఘం కూలంకషంగా చర్చించి తీర్మానించింది.

తమ్ముడికి పండగైపోయింది. అధ్యక్షులవారి ప్రసంగం సాగినంతసేపూ వాడు ప్రసంగాన్ని వదిలేసి ఆయన వెనక కూర్చున్నవాళ్ల నోళ్లు చదువుకున్నాడు. కోశాధికారి పక్కాయనతో ఈ ముసలాయన పోయినసారి చదివిందే చదువుతున్నాడని అన్నాడు. పక్కాయన కాదు, అంతకుముందుసారిదని సరిదిద్దాడు. చివర్లో కూర్చున్న పెద్దావిడ తన చెప్పు ఒకటి బల్లకింద ఎటో జారిపోయిందని ఎవరితో చెప్పుకోవాలో తెలియక తనతో తానే చెప్పుకుంది. ఇదంతా తమ్ముడు అక్క అరచేతిలో వేలితో రాసి చేరవేస్తూ, నీలం మాస్కు లోపల నవ్వాపుకోలేక ఊగిపోయాడు. ముందు వరుస ఆయన వెనక్కి తిరిగి, తుమ్మొస్తోందేమోనని అనుమానంగా చూశాడు.

మధ్యాహ్నం భోజనశాల తలుపులు తెరిచారు. తలుపు పక్కన పెద్ద బుట్ట పెట్టి, 'మాస్కులు ఇక్కడ తీయవలెను' అని బోర్డు తగిలించారు. పొద్దుటినుంచి ఒకరికొకరు బారెడు దూరంలో కూర్చున్నవాళ్లంతా లోపలికి వెళ్లగానే భుజాలు భుజాలూ రాసుకుంటూ, ఒకరి ప్లేటు మీదుగా ఇంకొకరు గరిటె అందుకుంటూ, ఒకరి మొహం మీద ఒకరు నవ్వుకుంటూ పలకరింపుల్లో పడ్డారు. చల్లగాలి మిషను వేశారు కనక కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. (మూసిన గదుల్లో శ్వాస ఎలా వ్యాపిస్తుందన్నదాని మీద ఆ ఉదయమే రెండు పత్రాలు చదివారు. రాసినవాళ్లిద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గరే భోంచేస్తున్నారు.)

అక్కాతమ్ముళ్లు గుమ్మం దగ్గర నీలం మాస్కులు బుట్టలో వేసి, సంచిలోంచి తమ కిటికీ మాస్కులు తీసి పెట్టుకున్నారు. మాస్కులు తీసే చోట మాస్కు పెట్టుకుంటున్న ఆ ఇద్దరినీ జనం, ఈత కొలనులోకి స్వెటరు వేసుకుని దిగుతున్నవాళ్లను చూసినట్టు చూశారు. ఇంటి దగ్గర తల్లి ఉంది కనక ఇద్దరూ లోపల భోంచేయలేదు. తెచ్చుకున్న రొట్టె వరండాలో తినేసి వచ్చారు. ఆమె ప్రసంగానికి గోడవారగా ఒక తెల్లబోర్డు, దాని మీద రాయడానికి మొన అరిగిన ఒక మార్కర్ పెన్ను ఇచ్చారు. వరండాలోకి ఉన్న పక్కతలుపు కొద్దిగా తెరిచి, మూసుకుపోకుండా తమ్ముడు కుర్చీ అడ్డంపెట్టాడు.

ఆమె కాగితాలు సర్దుకుంటూ ఉండగా తమ్ముడు మోచేత్తో పొడిచాడు. ఎదురుగా, గదికి ఆ చివర, అధ్యక్షులవారు కోశాధికారితో కలిసి సూప్ తాగుతున్నారు. వాడు ఆయన వైపే చూస్తూ, గొంతు లేకుండా పెదవులతో ఒక్కో మాటా అక్కకు అందించాడు.

"నిన్న సాయంత్రం నుంచీ చలిజ్వరంట. మాత్రలు మింగి నెట్టుకొస్తున్నాట్ట. ఇవాళ గడిస్తే చాలంట. ఎవరితోనూ అనొద్దంటున్నాడు."

ఆమె అటు చూసింది. అధ్యక్షులవారు చేతిరుమాలులో దగ్గి, అదే చేత్తో పక్కకొచ్చిన ఎవరికో కరచాలనం చేశారు. ఆమెకు వెంటనే సంచి భుజాన వేసుకుని తమ్ముణ్ని లాక్కుని వెళ్లిపోవాలనిపించింది. ఇంటికి ఏం మోసుకెళ్తున్నామో తెలియకుండా వెళ్లడమొక ఎత్తు, తెలిసి మోసుకెళ్లడమొక ఎత్తు. కానీ ఆ కాగితం? ఆ కాగితం మీద పడాల్సిన సంతకం, ఇప్పుడే కరచాలనం చేసిన ఆ చేతిలో ఉంది. మరి ఇక్కడున్న ఇంతమంది సంగతేంటి, వీళ్లింట్లోనూ ఎవరో ఒకరు ఉండరా?

ఆమె నేరుగా సమన్వయకర్త దగ్గరకు వెళ్లి సంగతి చెప్పింది. ఆయన చెంచా కిందపెట్టి, ఫోను తీసి, శ్రద్ధగా వెతికాడు.

"అధ్యక్షులవారి సర్టిఫికెట్ పచ్చగా ఉందమ్మా," అన్నాడు.

"సర్టిఫికెట్‌కి జ్వరం లేదు సార్. ఆయనకుంది."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"మీతోనా?"

"కాదు. కోశాధికారి గారితో. మా తమ్ముడు చూశాడు."

మాటను చూడడం ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. ఫిర్యాదు పత్రంలో 'విన్నవారి పేరు' అని గడి ఉందని, 'చూసినవారి పేరు' అని లేదని, విన్నవాళ్లెవరైనా ఉంటే తీసుకురమ్మని చెప్పాడు. కనీసం కిటికీలైనా తెరిపించమని ఆమె అడిగింది. కిటికీలు భవన నిర్వహణ విభాగం కిందికి వస్తాయి. ఆ విభాగంవాళ్లు భోజనానికి వెళ్లారు. (అదే గదిలో, మూడో బల్ల దగ్గర ఉన్నారు. కానీ భోజనంలో ఉన్నప్పుడు వాళ్లు విభాగం కారు.) ఆమె వెనుదిరుగుతుంటే ఆయన గొంతు తగ్గించాడు.

"మీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనేనమ్మా. చూసుకోండి మరి."

మంచికే చెప్పాడు. చెప్పి, అటూ ఇటూ చూసి, జేబులోంచి తన నీలం మాస్కు తీసి ముక్కు మీదకు లాక్కున్నాడు. సూప్ సగంలోనే వదిలేశాడు.

ఆమె బోర్డు ముందు నిలబడింది. చెంచాల చప్పుడులో, కుర్చీలు జరిపే చప్పుడులో ప్రసంగం మొదలుపెట్టింది. వినేవాళ్లు తక్కువ. నమిలేవాళ్లు ఎక్కువ. తమ్ముడు మాత్రం ఆమె పెదవుల మీంచి కళ్లు తిప్పలేదు. చిన్నప్పుడు పాఠం కోసం కూర్చున్నట్టే మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పిల్లవాడికి అక్షరాలన్నిటికంటే ముందు తన అక్క పెదవుల వంపు తెలిసిందని, పైపెదవి ఒక పక్కకు లాగితే ఆమె అబద్ధం చెబుతున్నట్టని కూడా వాడు కనిపెట్టాడని ఆమె చదివినప్పుడు వాడు గబుక్కున తల దించుకున్నాడు. ఆ ముక్క ఆమె కాగితంలో ఉందని వాడికి తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి వాడు చూడాల్సిన మాటను చూడకుండా తప్పించుకోవడం ఆమె చూసింది.

చివరికి ప్రదర్శన ఘట్టం వచ్చింది. ముందుగా అనుకున్నదేమిటంటే, ఒక వలంటీరు దూరాన నిలబడి, కాగితం మీద రాసిచ్చిన మూడు మంచి వాక్యాలు గొంతు లేకుండా పలకాలి, తమ్ముడు వాటిని బోర్డు మీద రాయాలి. వలంటీరు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని కూర్చోమంది. తమ్ముడి వైపు తిరిగి, గొంతు లేకుండా అంది.

"ఇందాక చూసింది రాయి."

వాడు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "నీ ఉద్యోగం అక్కా?" అని పెదవులతోనే అడిగాడు.

"రాయరా."

తమ్ముడు లేచి బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. 'నిన్న సాయంత్రం నుంచీ చలిజ్వరం. మాత్రలు మింగి నెట్టుకొస్తున్నాను. ఇవాళ గడిస్తే చాలు. ఎవరితోనూ అనొద్దు.' రాసి, కింద గీతగీసి, గదికి ఆ చివరనున్న అధ్యక్షులవారి వైపు వేలు చూపించాడు.

చెంచాలు ఆగాయి. గదంతా బోర్డు చదివింది. ఆ తర్వాత ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. అవి బల్లబల్లకూ పాకి గదంతా నిండిపోయాయి. సదస్సు మొదలయ్యాక అంత గట్టిగా చప్పట్లు పడడం అదే మొదలు. ఒక ఆచార్యుడు లేచి, మధ్య దూరం ఎంతని అడిగాడు. ఇంకొకాయన ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం నుంచి సాధారణ సూత్రం ఎలా రాబడతారని నిలదీశాడు. ఒకావిడ, 'మింగి', 'మునిగి' అనే మాటలకు పెదవుల మీద తేడా ఎలా తెలుస్తుందో తెలుసుకోవాలనుందని, అది చాలా ముఖ్యమైన ప్రశ్నని, తానే దాని మీద ఒక పత్రం రాశానని చెప్పింది.

అధ్యక్షులవారు అందరికంటే ఆఖరున చప్పట్లు కొట్టారు. ఆయన మొహం తెల్లగా పాలిపోయి, నుదురు తడిసి ఉంది. అయినా తేరుకుని, ఉదాహరణ వాక్యం చాలా సహజంగా ఎంచుకున్నారని మెచ్చుకున్నారు.

"ఉదాహరణ కాదండీ," అంది ఆమె. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీకు జ్వరంగా ఉంది. అందరూ దయచేసి మాస్కులు పెట్టుకోండి. ఆ కిటికీలు తెరవండి."

గదంతా గొల్లున నవ్వింది. ఇంత హాస్యచతురత ఉన్న పత్రం ఈ మధ్యకాలంలో వినలేదని పెద్దలు తలలూపారు. మాస్కు ఎక్కడుందని ఒకాయన పక్కాయన్ని అడిగితే, బుట్టలో ఉంది, అయినా భోజనశాలలో అక్కర్లేదు కదా అని ఆయన గుర్తుచేశాడు. ఇంతలో ఐస్‌క్రీమ్ వచ్చింది. ఒక్క పెద్దావిడ మాత్రం, వేదిక మీద చెప్పు పోగొట్టుకున్నావిడే, కుర్చీ వెనక్కి తోసి లేచింది. తమ్ముడి దగ్గర ఆగి, వాడికి తెలిసేలా ఒక్కో మాటా విడిగా పలుకుతూ, "మా ఇంట్లో చంటిపిల్ల ఉంది నాయనా" అని చెప్పి, వరండా తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది.

అక్కాతమ్ముళ్లు కూడా ఆ తలుపులోంచే బయటికి నడిచారు. బస్సెక్కాక తమ్ముడు, "పైపెదవి సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నాను, నీకూ తెలుసన్నమాట, ఇక అబద్ధాలు జాగ్రత్తగా చెబుతావు" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. కిటికీ మాస్కులో ఆ రెండూ వాడికి స్పష్టంగా కనబడ్డాయి.

ఇంటికి వెళ్లారు గానీ ఇంట్లోకి వెళ్లలేదు. జబ్బేమైనా అంటుకుందో లేదో తేలేదాకా తమ్ముడి షాపు మీదున్న గదిలో ఉండిపోయారు. రోజూ సాయంత్రం ఇంటి కిటికీ అద్దం అవతల నిలబడి, లోపల మంచం మీదున్న తల్లితో మాట్లాడి వచ్చేవాళ్లు. అద్దంలోంచి గొంతు వెళ్లదు కనక అంతా పెదవులతోనే, అలా తల్లి కూడా పెదవులు చదవడం నేర్చుకుంది. ఇన్నేళ్లూ తన ముందే తనకు తెలియకుండా పిల్లలిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో ఆ కొద్దిరోజుల్లో తల్లికి బాగా అర్థమైంది. పాత విషయాలు కొన్ని తవ్వి తీసింది కూడా. పరీక్షల్లో ఇద్దరికీ ఏమీ లేదని తేలాక లోపలికి రానిచ్చింది. రానిచ్చాక మిగతావి అడిగింది.

సదస్సుకు వెళ్లినవాళ్లలో మాత్రం చాలామంది మంచం పట్టారు. అధ్యక్షులవారు ఆసుపత్రి పాలై, దేవుడి దయవల్ల, డాక్టర్ల ఓపిక వల్ల తిరిగొచ్చారు. కోశాధికారి ఇంటిల్లిపాదికీ పంచాడు. సమన్వయకర్తకు కాస్త దగ్గు వచ్చి తగ్గింది. ఐస్‌క్రీమ్ దాకా ఉన్నవాళ్లకు ఎక్కువగా, ముందే లేచినవాళ్లకు తక్కువగా వచ్చిందని ఎవరో లెక్క తీయబోతే, అది వచ్చే సదస్సుకు పత్రంగా పంపమని సలహా ఇచ్చారు.

ఆమె కాగితం పోస్టులో వచ్చింది. అధ్యక్షులవారి సంతకం ఉంది, వణికినట్టుంది గానీ ఉంది. 'భోజన విరామ సమయమున ప్రసంగించినారు' అని అందులో రాశారు. భోజన విరామం సదస్సులో భాగం కాదు కాబట్టి ఇది పత్ర సమర్పణ కిందికి రాదని కాలేజీ తేల్చింది. ప్రిన్సిపాల్ ఆమె ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించి అభినందనలు చెప్పాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. ఆయన కాసేపు ఎదురుచూసి, మర్చిపోయిందనుకున్నాడు.

ఆ తర్వాత ఆరోగ్య భద్రతా ఉపసంఘం సమావేశమై, జరిగినదాని మీద నివేదిక వెలువరించింది. సభామందిరంలో నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటించారు కనక జబ్బు అక్కడ వ్యాపించే అవకాశం లేదు. వేదికకు మినహాయింపు ఉంది కనక అక్కడ ఉల్లంఘన లేదు. భోజనశాలలో మాస్కు నిబంధనే లేదు కనక, మాస్కు లేకుండా ఉన్నవాళ్లెవరూ దాన్ని అతిక్రమించలేదు. అయితే అదే భోజనశాలలో ధ్రువీకరణ లేని మాస్కులతో ఇద్దరు వ్యక్తులు సంచరించినట్టు ఫొటోల్లో స్పష్టంగా ఉంది. సదస్సు మొత్తం మీద నమోదైన ఉల్లంఘన అదొక్కటే. పైగా ఆ ఇద్దరికీ జబ్బు రాకపోవడం అనుమానాలకు తావిస్తోంది. తామెందుకు జబ్బు పడలేదో ఆ ఇద్దరూ రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకోవాలి.

అక్కాతమ్ముళ్లు బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించారు. తమ్ముడు చెప్పినవన్నీ రాయదగినవి కావు. చివరికి ఆమె రెండే వాక్యాలు రాసి, ఇద్దరి సంతకాలతో పంపింది. 'మాస్కు పెట్టుకున్నాం. తలుపు తెరిచి పెట్టుకున్నాం.'

ఉపసంఘం దాన్ని నేరాంగీకారంగా స్వీకరించి ఫైలు మూసింది.